నిద్రలో ఊపిరి ఆగేవారికి దవడ ప్లేట్లు: నల్లగొండ ల్యాబ్ తయారీ డైరీ

నిద్రలో కింది దవడ వెనక్కి జారకుండా కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం ఇది. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, బుగ్గల వైపు రెక్కలు, పై ప్లేటులో రెండు పక్కలా చిన్న స్క్రూలు. దవడ ముందుకొస్తే దాన్ని పట్టుకుని ఉన్న నాలుక మొదలు కూడా ముందుకొస్తుంది, గొంతులో గాలి దారి కొంత తెరుచుకుంటుంది. సూత్రం ఇంతే. తేడా వచ్చేదంతా మిల్లీమీటర్లలో.

జిల్లా కేంద్రాల్లో క్లినిక్, దాని పక్కనే చిన్న ల్యాబ్ నడిపే డెంటిస్టులు, టెక్నీషియన్ల కోసం ఈ డైరీ. ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదు. వేడి నీళ్లలో ముంచి కొరికే రెడీమేడ్ రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కానీ అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం, నిద్ర దంతవైద్యుల సంఘం కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకం మనిషి కొలతకు చేసిన, ముందుకు జరుపుకునే వీలున్న పరికరాన్నే మేలన్నది. అందుకే ఒకే ముద్దగా చేసే రకాన్ని పక్కన పెట్టి, స్క్రూ ఉన్న రెండు ముక్కల రకాన్ని తీసుకున్నాం. ఒకే ముద్ద రకంలో 1 మి.మీ. మార్చాలన్నా కోసి మళ్లీ అతకాలి.

దశ 0: రిపోర్టు చూశాకే అచ్చు తీసే ట్రే పట్టాలి

గురక వస్తుంది, ప్లేట్లు చేసిపెట్టండి అని నేరుగా వచ్చేవాళ్లు చాలామంది. అలా మొదలుపెట్టొద్దు. ముందు స్లీప్ టెస్ట్ కావాలి, దాన్ని చదివిన డాక్టరు రాసిన చీటీ కావాలి. రిపోర్టులో చూడాల్సినవి:

1. ఏహెచ్‌ఐ. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడమో బాగా తగ్గడమో గంటకు ఎన్నిసార్లు జరిగిందన్న లెక్క. 5 నుంచి 15 లోపు తక్కువ, 15 నుంచి 30 లోపు మధ్యరకం, 30 నుంచి తీవ్రం.
2. ఆగినవి ఏ రకం. గొంతు మూసుకుని ఆగితే అబ్‌స్ట్రక్టివ్. ఊపిరి తీయమని మెదడే చెప్పకపోతే సెంట్రల్. సెంట్రల్‌కు ఈ ప్లేట్లు పనికిరావు.
3. వెల్లకిలా పడుకున్నప్పటి అంకె, పక్కకు తిరిగినప్పటి అంకె విడివిడిగా.
4. ఆక్సిజన్ 90 శాతం కంటే కింద ఎంతసేపు ఉంది.
5. ఆక్సిజన్ పడిపోవడాన్ని 3 శాతం దగ్గర లెక్కపెట్టారా, 4 శాతం దగ్గరా. ఇది ఫైలు మీద పెద్దగా రాసిపెట్టాలి, చివర్లో మళ్లీ అక్కరకొస్తుంది.

తీవ్రం ఉన్నవాళ్లకు మొదటి చికిత్స సీపాప్ మిషన్ (నిద్రలో మాస్కు గుండా గాలి తోసి గొంతు తెరిచి ఉంచేది). మిషన్ తట్టుకోలేకపోయారని డాక్టరు తేల్చాకే మన వంతు. ఒక మాట గట్టిగా చెప్పాలి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద లారీయో బస్సో నడుపుతూ స్టీరింగ్ దగ్గర కునుకు పడుతున్న మనిషికి ప్లేట్లతో మొదలుపెట్టకూడదు. మిషన్ పెట్టిన రాత్రి నుంచే పనిచేస్తుంది. ప్లేట్లు సరైన చోటికి చేరడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఆయన బండి మీదే ఉంటాడు.

దశ 1: నోరు చూడటం

1. గట్టి పండ్లు పైన కనీసం 8, కింద కనీసం 8. వెనక దవడ పండ్లు రెండు పక్కలా ఉండాలి.
2. చిగుళ్ల జబ్బుతో కదిలే పండ్లుంటే ముందు ఆ వైద్యం పూర్తి కావాలి. దవడను లాగి పట్టే బరువంతా రాత్రంతా పండ్ల మీదే పడుతుంది.
3. నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలు పెట్టి కొలవాలి. మామూలుగా 40 మి.మీ. పైన ఉంటుంది. 30 కంటే తక్కువుంటే ఆగాలి.
4. దవడ కీలులో నొప్పి, పట్టేయడం ఉన్నాయా చూడాలి. చప్పుడు మాత్రమే ఉండి నొప్పి లేకపోతే రాసుకుని ముందుకెళ్లొచ్చు.
5. దవడ పూర్తి వెనక నుంచి పూర్తి ముందుకు ఎంత కదులుతుంది. 6 మి.మీ. కంటే తక్కువైతే ప్లేట్లకు పని చేసే జాగా లేదు.

మూడో అంశం దగ్గర మన ప్రాంతంలో ఎక్కువమంది ఆగిపోతారు. గుట్కా, జర్దా, వక్క ఏళ్ల తరబడి నమిలినవాళ్లకు బుగ్గ లోపల గట్టి పట్టీలు కట్టి నోరు తెరుచుకోదు. తెల్లబారిన బుగ్గను వేలితో నొక్కితే తాడులా తగులుతుంది. అలాంటివాళ్లకు ట్రే లోపలికి పోదు, పోయినా రెక్కలకు జాగా ఉండదు. అంతకంటే ముఖ్యంగా అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. ప్లేట్ల సంగతి వదిలేసి నార్కట్‌పల్లిలోనో మహబూబ్‌నగర్‌లోనో డెంటల్ కాలేజీకి పంపాలి.

ఇక ఫ్లోరైడ్. మర్రిగూడ, నారాయణపూర్, మునుగోడు వైపు పెద్దవాళ్ల పండ్ల మీద గోధుమ మచ్చలే కాదు, గుంటలు కూడా ఉంటాయి. ఆ పైపొర పెళుసు. బిగుతు ప్లేటును రోజూ లాగితే అంచుల్లో చిట్లుతుంది. పైగా ఫ్లోరైడ్ ఎముకలకు పట్టినవాళ్లకు మెడ వెనక్కి వంగదు. వాళ్లను కుర్చీలో పడుకోబెట్టి కొలత తీయాలని చూడొద్దు, నిటారుగా కూర్చోబెట్టే తీయాలి. ఈ రెండింటి వల్ల తర్వాతి దశల్లో ఏం మార్చామో అక్కడక్కడ రాశాం.

పండ్లు అసలే లేనివాళ్లకు ఈ రకం కుదరదు. నాలుకను రబ్బరు బుడగలో పట్టి ఉంచే రకం వేరే ఉంది, 1982 నుంచి వైద్య పత్రికల్లో దాని ప్రస్తావన కనిపిస్తుంది. అది ఈ డైరీలోకి రాదు.

లెక్క (కుర్చీ అంటే రోగితో గడిపే సమయం, బెంచీ అంటే ల్యాబ్ పని సమయం): కుర్చీ సమయం 40 నిమిషాలు. మొత్తం కుర్చీ 40, బెంచీ 0.

దశ 2: అచ్చులు, మోడళ్లు

చెడిపోయినవి ఎక్కువగా ఇక్కడే, చెడగొట్టింది ఎక్కువగా నీళ్లే.

బోరు నీళ్లతో ఆల్జినేట్ (పండ్ల అచ్చు తీసే పొడి) కలిపితే ట్రే నోట్లోకి వెళ్లేలోపే బిగుసుకోవడం మొదలైంది. ఆల్జినేట్‌ను గట్టిపరిచేది కాల్షియమే. మన బోరు నీళ్లలో అది ముందే దండిగా ఉంటుంది. దానికి తోడు ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగిపోయి వస్తాయి, వేడికి బిగుసుకోవడం ఇంకా తొందరవుతుంది. అచ్చు చూడటానికి బాగానే కనిపిస్తుంది. పండ్ల అంచుల దగ్గర మాత్రం సన్నటి ముడతలు పడి ఉంటాయి, ఆ ముడతలే రేపు ప్లేటులో బిగుతుగా తేలుతాయి.

మార్చినవి:

1. ఆల్జినేట్‌కు ఆర్‌వో నీళ్లు మాత్రమే. ఫ్రిజ్ నీళ్లు కలిపి, థర్మామీటరుతో చూసి 20–22 డిగ్రీలకు తేవాలి.
2. స్టోన్ (అచ్చులో పోసి పండ్ల మోడల్ చేసే గట్టి ప్లాస్టర్ పొడి) కలపడానికి డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో దొరికేది చాలు, కానీ డబ్బా మీద పేరు చదివి తేవాలి. పక్కనే యాసిడ్ డబ్బాలూ ఉంటాయి. ఈ నీళ్లు నోట్లోకి పోయే ఆల్జినేట్‌కు వాడొద్దు.
3. అచ్చు తీసిన 10 నిమిషాల్లోపు స్టోన్ పోయాలి. ఎండకాలంలో ఫ్యాను కింద పెట్టిన ఆల్జినేట్ కళ్లముందే నీరు వదిలి కుంచించుకుపోతుంది. వెంటనే కుదరకపోతే తడి బట్టలో చుట్టి మూతపెట్టాలి, నీళ్లలో ముంచకూడదు. ముంచితే నీరు తాగి ఉబ్బుతుంది.
4. ల్యాబ్ వేరే ఊళ్లో ఉంటే ఆల్జినేట్ వద్దు. పుట్టీ, లైట్ బాడీ సిలికాన్ వాడాలి. దేవరకొండ నుంచి బస్సులో వచ్చినా కొలత మారదు.

నల్లగొండ పద్ధతి అని పేరుబడ్డ శుద్ధిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి ఫ్లోరైడ్ తగ్గిస్తారు. అది తాగునీటి కోసం. ఆ నీళ్లలో లవణాలు ఉండనే ఉంటాయి కాబట్టి మోడల్ పనికి వాడకపోవడమే మంచిది.

స్టోన్ కొలత: టైప్ 4 డై స్టోన్ 100 గ్రాములకు నీళ్లు 22–24 మి.లీ. తూకం వేసి కలపాలి, కంటి అంచనా వద్దు. నీళ్లెక్కువైన మోడల్, ప్లేటు చేసే ప్లాస్టిక్ షీటు ఒత్తిడికి పండ్ల అంచుల్లో అరుగుతుంది. గంట ఆగి అచ్చు విడదీయాలి. మోడల్ అడుగు మట్టం నుంచి పండ్ల అంచు దాకా 20–25 మి.మీ. ఉంచి, అంగిలి భాగం కోసేసి గుర్రపు నాడా ఆకారంలో ట్రిమ్ చేయాలి. ఎత్తెక్కువుంటే షీటు సాగి పక్కల్లో కాగితంలా పల్చబడుతుంది.

ఫ్లోరైడ్ గుంటలున్న పండ్ల మోడల్ మీద ఆ గుంటలన్నీ మైనంతో పూడ్చాలి. చిగురు పక్కన లోపలికి తిరిగిన చోట్ల కూడా పలచగా ప్లాస్టర్ పూసి, పట్టు పండ్ల మధ్య సందుల నుంచి మాత్రమే వచ్చేలా చూడాలి.

లెక్క: కుర్చీ 30, బెంచీ 75 నిమిషాలు. మొత్తం కుర్చీ 70, బెంచీ 75.

దశ 3: కాటు కొలత

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఈ దశకే. ప్లేటు ఎంత నున్నగా వచ్చినా ఇక్కడ 2 మి.మీ. తప్పితే ఆ ప్లేటు దవడ నొప్పన్నా తెస్తుంది, గురకన్నా అలాగే ఉంచుతుంది.

పనిముట్టు జార్జ్ గేజ్. కింది ముందు పండ్లను పట్టే గాడి, పై పండ్లు కొరికే ఫోర్కు, మధ్యలో మి.మీ. స్కేలు. ఫోర్కులు రెండు మందాల్లో వస్తాయి: ముందు పండ్ల మధ్య 2 మి.మీ. ఉంచేది ఒకటి, 5 మి.మీ. ఉంచేది ఒకటి. మనం 5 మి.మీ. ఫోర్కు తీసుకున్నాం, కారణం కింద మందాల లెక్కలో ఉంది.

1. గేజ్ లేకుండా, అద్దం ముందు దవడను ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు ఆడించమనాలి. మొదటిసారి ఎవరికీ పూర్తిగా ముందుకు రాదు, కండరం అలవాటు పడాలి.
2. ముందు పండ్ల మధ్య గీత రెండు దవడల్లోనూ ఎక్కడుందో గుర్తు పెట్టాలి.
3. గేజ్ పెట్టి పూర్తి వెనక్కి. అంకె రాయాలి.
4. పూర్తి ముందుకు. అంకె రాయాలి.
5. మళ్లీ చేయించాలి. రెండు సార్లకూ 1 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే ఇంకోసారి.
6. మొత్తం కదలికలో 60 శాతం దగ్గర గేజ్ స్క్రూ బిగించాలి.
7. ఫోర్కుకు బైట్ సిలికాన్ పెట్టి కొరికించాలి, గట్టిపడేదాకా గడ్డం పట్టుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. పూర్తి వెనక్కి –5, పూర్తి ముందుకు +4. మొత్తం 9 మి.మీ. అందులో 60 శాతం 5.4. వెనక చివర నుంచి 5.4 లెక్కపెడితే స్కేలు మీద +0.4 వస్తుంది, +0.5 దగ్గర బిగిస్తాం. అంటే మొదలు 5.5 మి.మీ., 61 శాతం. 50 నుంచి 70 శాతం మధ్య ఎక్కడ మొదలుపెట్టినా తప్పు లేదు. కీలులో కాస్త అసౌకర్యం ఉన్నవాళ్లకు 50 దగ్గరే మొదలుపెట్టడం మంచిది.

ఇక్కడ తప్పేవి. గేజ్ స్క్రూ చేత్తో బిగిస్తే చాలదు, మనిషి కొరికినప్పుడు అర మిల్లీమీటరు జారుతుంది. బిగించాక ఓసారి లాగి చూడాలి. దవడ ముందుకొచ్చేటప్పుడు పక్కకు జరిగితే మధ్య గీతలు కలవవు. ఆ మనిషి సహజంగానే పక్కకు జరుగుతుంటే బలవంతంగా కలపొద్దు, ఆయన దారిలోనే కొలత తీయాలి. కాటుకు మైనం వాడటం మానేశాం. మే నెలలో కుర్చీ నుంచి బెంచీకి చేరేలోపే మైనం మెత్తబడి ముందు పండ్ల గుర్తులు వంగాయి. సిలికాన్‌కు ఆ భయం లేదు.

ఇప్పుడు వెనక దవడ పండ్ల మధ్య ఎంత జాగా కావాలో మందాల లెక్క:

- పై ప్లేటు, 3 మి.మీ. షీటు అచ్చు పోశాక కొరికే చోట దాదాపు 2.0. మొత్తం 2.0
- కింది ప్లేటు, 2 మి.మీ. షీటు అదే చోట దాదాపు 1.5. మొత్తం 3.5
- మట్టం చేసే ఆక్రిలిక్ (పొడి, ద్రవం కలిపితే గట్టిపడే ప్లాస్టిక్) 0.5. మొత్తం 4.0
- అరగదీయడానికి మిగులు 0.5. మొత్తం 4.5 మి.మీ.

కాబట్టి మోడళ్లను కాటు మీద కూర్చోబెట్టినప్పుడు చివరి దవడ పండ్ల మధ్య 4.5 మి.మీ. లేకపోతే కొలత మళ్లీ తీయాలి. ఆర్టిక్యులేటర్ (మోడళ్లను దవడల్లా బిగించే చట్రం) పిన్ను పైకెత్తి జాగా చేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఈ పనిలో అది కుదరదు. నోరు తెరిచిన కొద్దీ గడ్డం కిందికే కాదు, వెనక్కి కూడా జారుతుంది. పిన్ను ఎత్తితే మోడల్ మీద తిరిగే చక్రం వేరు, మనిషి నోట్లో తిరిగేది వేరు. కొలిచిన 5.5 మన చేతిలో ఉండదు.

లెక్క: కుర్చీ 30. మొత్తం కుర్చీ 100, బెంచీ 75.

దశ 4: షీట్లు కాచి మోడళ్ల మీద నొక్కడం

పైకి హార్డ్–సాఫ్ట్ రెండు పొరల 3 మి.మీ. షీటు, మెత్తని వైపు మోడల్ మీదికి. కిందికి 2 మి.మీ. గట్టి పీఈటీజీ (ఒక రకం ప్లాస్టిక్) షీటు. రెక్కలు అతికేది ఆక్రిలిక్ కాబట్టి ఏ షీటుకు ఏది అతుకుతుందో ముందే చూసుకోవాలి. పీఈటీజీకి ఆక్రిలిక్ బాగా పట్టుకుంటుంది. మౌత్‌గార్డులకు వాడే మెత్తటి ఈవీఏ ప్లాస్టిక్‌కు పట్టుకోదు, వారానికే రెక్క ఊడివస్తుంది. పాలీకార్బనేట్‌కు మోనోమర్ (ఆక్రిలిక్‌లో కలిపే ద్రవం) తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. షీటు కవరు పారేయకుండా ఫైల్లో పెట్టండి.

సామాన్య వాక్యూమ్ మిషన్ లాగే బలం 1 బార్‌కు మించదు. గాలి ఒత్తిడితో నొక్కే మిషన్లు 6 బార్ దాకా ఇస్తాయి. 3 మి.మీ. రెండు పొరల షీటుకు వాక్యూమ్ మిషన్ చాల్లేదు. పండ్ల మధ్య సందుల్లోకి షీటు దిగక, ప్లేటు కూర్చున్నట్టే ఉండి నాలుకతో తోస్తే లేచింది. ప్రెషర్ మిషన్ ఉన్న ల్యాబ్‌లో ఈ ఒక్క పని చేయించుకోవడం మేలు. కింది 2 మి.మీ. గట్టి షీటుకు వాక్యూమ్ సరిపోయింది.

వేడి విషయంలో గడియారాన్ని నమ్మొద్దు. వోల్టేజీ తగ్గినప్పుడు కాయిల్ అంత కాగదు, రాసుకున్న సెకన్లు పనికిరావు. షీటు నడుమ ఎంత కిందికి వేలాడిందో చూడాలి: 2 మి.మీ. షీటుకు 10–15 మి.మీ. వేలాడినప్పుడు దించాలి.

వానాకాలంలో షీటు కాగుతుండగానే లోపల సన్నటి బుడగలు లేచాయి. పీఈటీజీ గాలిలోని తేమ పీలుస్తుంది. తెరిచిన ప్యాకెట్టును సిలికా జెల్ సంచులతో డబ్బాలో పెట్టడం, అనుమానం ఉంటే 60–65 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టడం మొదలుపెట్టాక బుడగలు ఆగాయి. మోడల్ కూడా పూర్తిగా ఆరి ఉండాలి, తడి మోడల్ ఆవిరి విడుస్తుంది.

కోత గీత: బుగ్గ వైపు చిగురు అంచుకు 1 మి.మీ. లోపు ఆపాలి. నాలుక వైపు పై ప్లేటును చిగురు మీదికి 2 మి.మీ. పోనివ్వొచ్చు. కింది ప్లేటు నాలుక వైపు ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. నాలుకకు జాగా ఇవ్వడానికే కదా ఇంత పని.

లెక్క: బెంచీ 120. మొత్తం కుర్చీ 100, బెంచీ 195.

దశ 5: రెక్కలు, స్క్రూలు

అమరిక ఇలా. కింది ప్లేటు నుంచి ప్రీమోలార్ల (కోరపన్ను వెనకుండే చిన్న దవడ పండ్ల) దగ్గర బుగ్గ వైపు రెక్క పైకి లేస్తుంది. దాని వెనక పై ప్లేటు దిమ్మె నిలబడుతుంది. దవడ వెనక్కి జారబోతే కింది రెక్క పై దిమ్మెకు ఆని ఆగుతుంది. స్క్రూ పై దిమ్మెలో ఉంటుంది, తిప్పితే దిమ్మె ముందు భాగం ముందుకు కదిలి రెక్కను, రెక్కతో దవడను తోస్తుంది. రెండూ ఆనే వాలు 70 డిగ్రీలు, ట్విన్ బ్లాక్ (పిల్లల కింది దవడను ముందుకు తెచ్చే పరికరం) చేసినవాళ్ల చేతికి అలవాటైన కోణమే.

1. రెక్క జాగాలో షీటును బర్‌తో గరుకు చేసి మోనోమర్ రాసి అర నిమిషం ఆగాలి.
2. కోల్డ్ క్యూర్ ఆక్రిలిక్ పౌడరు మూడు పాళ్లు, లిక్విడ్ ఒక పాలు, కొలత గ్లాసుతో.
3. కింది రెక్క ఎత్తు 8–10 మి.మీ., మందం 3–4.
4. ముందు రెక్క పూర్తి చేసి, దానికి వేసిలిన్ రాసి, దాన్ని ఆనుకునేలా పై దిమ్మె కట్టాలి.
5. రెండు స్క్రూలూ ఒకదానికొకటి సమాంతరంగా, కొరికే మట్టానికి సమాంతరంగా.
6. ప్రెషర్ పాట్‌లో 2 బార్, 45 డిగ్రీల నీళ్లు, 15 నిమిషాలు.
7. పాలిష్ అయ్యాక 24 గంటలు మామూలు నీళ్లలో నానబెట్టాలి. మిగిలిన మోనోమర్ చాలావరకు దిగిపోతుంది, నోరు మండదు.

రెక్క ఎత్తు మొదట 5 మి.మీ. పెట్టి చూస్తే పనికిరాలేదు. నిద్రలో నోరు కాస్త తెరుచుకోగానే రెక్క దిమ్మె కిందికి దిగిపోయింది, దవడ వెనక్కి జారింది. ప్లేట్లు నోట్లోనే ఉన్నా పని చేయని స్థితి అది, పడుకున్న మనిషికి తెలియదు కూడా. అందుకే 8 మి.మీ. కంటే తగ్గొద్దు. పైన బుగ్గకూ చిగురుకూ మధ్య లోతు తక్కువున్నవాళ్లకు 10 పెడితే పుండు పడుతుంది, వాళ్లకు 8 ఉంచి, రెండు ప్లేట్లకు కొక్కేలు పెట్టి ఆర్థో ఎలాస్టిక్ (చిన్న రబ్బరు బ్యాండు) నిలువుగా వేయాలి.

సమాంతరం తప్పిన స్క్రూలు రెండో పెద్ద తప్పు. ఒకటి 5 డిగ్రీలు లోపలికి చూసినా నాలుగు తిప్పుల తర్వాత ఒక పక్కే ఆనుతుంది, ఆ పక్క కీలు నొస్తుంది. స్క్రూలు తిప్పే తాళంచెవి పెట్టే రంధ్రాల్లో రెండు పొడవు తీగలు నిలబెట్టి, పైనుంచి చూసి సరిచేయడం తేలిక దారి.

ఆక్రిలిక్ ఒకేసారి ముద్దగా వేస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి కింద మెత్తని పొర అలలు తిరుగుతుంది. రెండు పొరలుగా వేయాలి.

లెక్క: బెంచీ 150. మొత్తం కుర్చీ 100, బెంచీ 345.

దశ 6: నోట్లో పెట్టడం

ముందు ఒక్కో ప్లేటు విడిగా. వేలి బలంతో కూర్చోవాలి, వేలితోనే రావాలి, నాలుకతో రాకూడదు. బిగుతు చెప్పిన చోట ప్రెషర్ పేస్టు పూసి, చెరిగిన మచ్చ దగ్గర మాత్రమే కొద్దికొద్దిగా గీకాలి. తర్వాత రెండూ కలిపి. ఆర్టిక్యులేటింగ్ పేపరు పెట్టి కొరికిస్తే రెండు పక్కలా సమానంగా గుర్తులు పడాలి. ముందు పండ్ల దగ్గరే గుర్తులు పడితే వెనక ఆక్రిలిక్ పెంచాలి. లేకపోతే బరువంతా ముందు పండ్ల మీద, కీలు మీద పడుతుంది. చివరికి రెక్క అంచులు చూపుడు వేలితో తడిమి చూడాలి. వేలికి గరుకు తగిలితే బుగ్గకు పుండు పడినట్టే.

మొదటి వారం స్క్రూ ముట్టుకోవద్దని చెప్పి పంపాలి. లాలాజలం కారడం, పొద్దున పండ్లు బిగుసుకున్నట్టుండటం సాధారణమని ముందే చెప్పకపోతే రెండో రోజే ప్లేట్లు అల్మారాలో చేరతాయి.

లెక్క: కుర్చీ 60. మొత్తం కుర్చీ 160, బెంచీ 345.

దశ 7: స్క్రూ తిప్పడం

వాడిన స్క్రూ పూర్తి చుట్టుకు 0.8 మి.మీ. తెరుచుకుంటుంది. పావు చుట్టు అంటే 0.2. వారంలో రెండు పావులు, నడుమ కనీసం మూడు రాత్రుల ఎడం, రెండు పక్కలా సమానంగా. 9 మి.మీ. కదలిక ఉన్న పై ఉదాహరణకు:

- 1వ వారం: తిప్పడం లేదు. మొత్తం 5.5, 61 శాతం
- 2వ వారం: 0.4. మొత్తం 5.9, 66 శాతం
- 3వ వారం: 0.4. మొత్తం 6.3, 70 శాతం
- 4వ వారం: 0.4. మొత్తం 6.7, 74 శాతం

ఎంత ముందుకు తోస్తే అంత మంచిదన్న లెక్క లేదు. పగటి నిద్ర తగ్గి, పక్కన పడుకునేవాళ్లు గురక ఆగిందన్న దగ్గర ఆపాలి. పొద్దున దవడ నొప్పి గంట దాటినా పోకపోతే పావు చుట్టు వెనక్కి తిప్పి వారం ఆగాలి. "సార్, పొద్దున లేస్తే వెనక పండ్లు కలుస్తలేవు" అని దాదాపు అందరూ అంటారు. ప్లేట్లు తీశాక ఐదు పది నిమిషాలు దవడను మెల్లగా వెనక్కి నొక్కుతూ వెనక పండ్లతో కొరకడం నేర్పాలి. దీనికోసం మామూలు కాటు దగ్గర 1 మి.మీ. షీటుతో ఒక చిన్న పొద్దుటి ప్లేటు చేసివ్వడం ఇప్పుడు ప్రతి సెట్టులోనూ భాగం చేశాం. మోడళ్లు ఉంటే బెంచీ మీద అరగంట పని. మొత్తం బెంచీ 375.

ఇంట్లోవాళ్లకు ఒక కాగితం ఇవ్వాలి: తేదీ, గురక 0 నుంచి 10 వరకు, ఎన్ని గంటలు పెట్టుకున్నారు, తిప్పిన పావులు, ఆ రాత్రి కల్లో మందో తాగారా. చివరి గడి లేకపోతే మిగతావి అర్థం కావు. తాగి పడుకున్న రాత్రి గొంతు కండరాలు ఇంకా సడలిపోతాయి, ఎక్కడ తిప్పి ఉంచినా గురక వస్తుంది. ఆ ఒక్క రాత్రి చూసి స్క్రూ తిప్పితే లేనిపోని నొప్పి మిగులుతుంది.

దశ 8: మళ్లీ టెస్ట్

గురక పోయినంత మాత్రాన ఊపిరి ఆగడం పోయినట్టు కాదు. గొంతు సగం తెరుచుకుంటే చప్పుడు తగ్గుతుంది, ఆక్సిజన్ మాత్రం పడిపోతూనే ఉండొచ్చు. ఇంట్లో అందరూ సంతోషించి ఫైలు మూసేసేది ఇక్కడే, అందుకే ఈ దశను వదలకూడదని రోగికి మొదటి రోజే చెప్పాలి. స్క్రూ స్థిరపడ్డాక ప్లేట్లు నోట్లో ఉండగా స్లీప్ టెస్ట్ మళ్లీ చేయించాలి.

1. మొదటిసారి వాడిన రకం టెస్ట్ మిషనే వాడాలి.
2. ఆక్సిజన్ పడిపోవడం లెక్క కూడా అదే, 3 శాతమైతే 3, 4 అయితే 4. ఫైలు మీద పెద్దగా రాసింది ఇందుకే.
3. రోజూ పడుకునే మంచం మీదే. నడుం కుంగే నులక మంచం మీద పడుకునేవాళ్లు పక్కకు తిరగలేక రాత్రంతా వెల్లకిలానే ఉంటారు, వెల్లకిలా ఉన్నప్పుడే ఊపిరి ఎక్కువ ఆగుతుంది. టెస్ట్ రోజు పట్నంలో చుట్టాలింటి పరుపు మీద పడుకుంటే అంకె ఇంటి అంకె కాదు.
4. రిపోర్టు డాక్టరు చేతికి.

ఏహెచ్‌ఐ 5 కంటే కిందికి వస్తే పని అయినట్టు. మొదటి అంకెలో సగం కంటే తగ్గి 10 లోపుంటే, మనిషికి పగలు నిద్ర లేకపోతే, డాక్టరు సరే అనొచ్చు. 15 దగ్గరే ఆగిపోతే ఇంకా తోయడం పరిష్కారం కాదు. వెల్లకిలా అంకె మాత్రమే ఎక్కువుంటే పక్కకు పడుకోబెట్టే ఉపాయం కలపొచ్చు. అదీ కాకపోతే సీపాప్. అప్పటిదాకా వాడుతున్న సీపాప్ మిషన్‌ను ఈ రిపోర్టు రాకముందే పక్కన పెట్టనివ్వొద్దు.

దశ 9: వాడకంలో తేలినవి

ఎండకాలంలో బండి డాష్‌బోర్డు మీద పెట్టిన కింది ప్లేటు వంకర తిరిగింది. పీఈటీజీ 80 డిగ్రీలలోపే మెత్తబడుతుంది, మూసిన బండిలో ఎండ తగిలే చోటు ఆ దరిదాపులకు పోతుంది. డబ్బా మీద "ఎండలో పెట్టొద్దు, వేడి నీళ్లు వద్దు" అని తెలుగులో చీటీ అతికిస్తున్నాం.

కడగడానికి మెత్తని బ్రష్షు, చల్లని నీళ్లు, సబ్బు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, గీతల్లో మురికి చేరి వాసన వస్తుంది. బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో నెలకే ప్లేట్ల మీద తెల్లటి సున్నం పొర కట్టింది. వినిగర్, నీళ్లు సగం సగం కలిపి అరగంట నానబెట్టి బ్రష్షు చేస్తే పోతుంది. చివరి కడుగు ఆర్‌వో నీళ్లతో చేస్తే పొర కట్టడం తగ్గుతుంది.

ఏళ్ల మీద చూడాల్సింది కాటు మార్పు. పై పండ్లు కొద్దిగా లోపలికి, కింది పండ్లు కొద్దిగా బయటికి వంగుతాయి, ముందు పండ్ల మధ్య ఎడం మెల్లగా తగ్గుతుంది. ఇది రోగికి సంతకం పెట్టించుకునే ముందే చెప్పాల్సిన విషయం. పోల్చడానికి మొదటి రోజు మోడళ్లు, ఫొటోలు లేకపోతే తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు. మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి పిలవాలి. వచ్చినప్పుడు చివరి పండ్ల మధ్య పలచటి రేకు పెట్టి లాగి చూడాలి, రెండు పక్కలా పట్టుకోవాలి.

తర్వాతి సెట్టుకు మార్చబోయేవి: స్క్రూ తిప్పే తాళంచెవికి దారం కట్టి డబ్బాకు ముడివేయడం, ఎందుకంటే తాళంచెవి పోయిందని ఫోన్లు ఎక్కువ. రెక్క ఎత్తు 9 మి.మీ. దగ్గర ఒకే కొలతగా పెట్టడం. కింది ప్లేటు నాలుక వైపు అంచును ఇంకో అర మిల్లీమీటరు పల్చన చేయడం, అక్కడ విరుగుతుందా అని బెంచీ మీద వంచి చూశాకే నోట్లోకి.